దారి ఉన్నచోట హక్కు లేదు, హక్కున్నచోట దారి లేదు: యార్క్‌షైర్ మూర్లలో గ్రావెల్ సైకిళ్ల చిక్కు

ఇంగ్లండ్ ఈశాన్య తీరాన నార్త్ యార్క్ మూర్స్ అనే కొండప్రాంతం ఉంది. ఆగస్టు వస్తే ఆ కొండల నెత్తి మీదంతా హెదర్ పొదలు ఊదారంగులో పూస్తాయి. అక్కడ సైకిలు వేసుకుని తిరిగేవారికి ఒక వింత కూడలి ఎదురవుతుంటుంది. ఒకవైపు కంకర పరిచిన వెడల్పాటి దారి. జీపు సునాయాసంగా పోతుంది. మరోవైపు బురదలో, గడ్డి దుబ్బుల మధ్య కనిపించీ కనిపించని సన్నని జాడ. చాలాసార్లు చట్టం సైకిలును పోనిచ్చేది ఆ బురద జాడ మీదే. కంకర దారి భూయజమానిది. ఆయన ఒప్పుకుంటేనే చక్రం పెట్టాలి.

చక్రానికి అనువైన దారి, చక్రానికి హక్కున్న దారి ఒకటి కాకపోవడమే ఇక్కడి చిక్కు. గత పదేళ్లలో గ్రావెల్ సైకిళ్లు ప్రాచుర్యంలోకి వచ్చాక ఈ తేడా మరింత మందికి అనుభవంలోకి వచ్చింది. పైకి ఇదొక వినోదానికి సంబంధించిన సంగతిలా కనిపిస్తుంది. తరచి చూస్తే నేల ఎవరిది, దానిమీద నడిచే హక్కు ఎవరిది, ఆ హక్కును ఎవరు ఎలా రాసిపెట్టారు అన్న పాత ప్రశ్నలే దీని అడుగున ఉన్నాయి.

మూర్ అంటే ఏమిటి?

మూర్ అన్న మాటకు తెలుగులో సరిసమానమైన పదం లేదు. మన దగ్గర అలాంటి నేల లేకపోవడమే కారణం. చల్లగా, తేమగా, గాలి విసురుగా ఉండే ఎత్తు ప్రదేశం అది. చెట్లు దాదాపుగా ఉండవు. మోకాలెత్తు హెదర్ పొదలు, గరుకు గడ్డి, నాచు పెరుగుతాయి. నేల నిత్యం తడిగా ఉండటంతో చచ్చిన మొక్కలు పూర్తిగా కుళ్లవు. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకుని నల్లటి పీట్ మట్టిగా మారతాయి. మీటరు మందం పీట్ ఏర్పడాలంటే వెయ్యేళ్లు పడుతుందన్నమాట.

చూసేవారికి ఆదిమ ప్రకృతిలా అనిపించే ఈ మూర్లు నిజానికి మనుషుల చేతిలో తయారైనవి. ఒకప్పుడు ఇక్కడ అడవి ఉండేది. వేల ఏళ్ల పాటు సాగిన నరికివేత, కాల్చివేత, గొర్రెల మేత కలిసి చెట్లను మళ్లీ లేవనివ్వలేదు. అడవి లోయల్లోకి జారిపోయింది. అందుకే నార్త్ యార్క్ మూర్స్ స్వరూపం రెండంతస్తుల ఇల్లులా ఉంటుంది. పైన 300 నుంచి 450 మీటర్ల ఎత్తులో బోసి మెట్టలు. కింద ఫార్న్‌డేల్, రోజ్‌డేల్, బిల్స్‌డేల్ వంటి లోయల్లో వాగులు, ఓక్ చెట్లు, రాతి గోడల పొలాలు. 1952లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఈ ప్రాంతం విస్తీర్ణం సుమారు 1,430 చదరపు కిలోమీటర్లు. ఎత్తైన స్థానం ఉర్రా మూర్ మీద ఉన్న రౌండ్ హిల్, 454 మీటర్లు. హిమాలయాల లెక్కన ఇది గుట్ట కూడా కాదు. అయినా సముద్రం మీంచి వచ్చే మంచుతెర కమ్మిందంటే పది అడుగుల దూరంలో ఏముందో తెలియదు.

ఈ సైకిలు ప్రత్యేకత

గ్రావెల్ సైకిలు చూడటానికి వంపు హ్యాండిల్ ఉన్న రేసు సైకిలులాగే ఉంటుంది. తేడా చక్రాల్లో ఉంది. రేసు సైకిలు టైరు వెడల్పు 25 నుంచి 32 మిల్లీమీటర్లు. దీనికి 38 నుంచి 50 దాకా ఉంటుంది. టైర్లలో గాలి కూడా చాలా తక్కువ నింపుతారు. దాంతో కంకర మీద చక్రం ఎగిరిపడకుండా అణిగిమణిగి పోతుంది. డిస్కు బ్రేకులు బురదలోనూ పట్టు తప్పవు. కొండ ఎక్కడానికి తేలికైన గేర్లు ఉంటాయి. తారు రోడ్డు మీద వేగంగా పోతుంది, మట్టి దారిలో ఆగిపోదు. అయితే పెద్ద బండరాళ్లు, ఏటవాలు మెట్లు దీనివల్ల కావు. వాటికి మౌంటెన్ బైక్ కావాలి.

ఈ సైకిలు పేరు తెచ్చుకున్నది అమెరికాలోని మధ్యపశ్చిమ రాష్ట్రాల్లో. పొలాల మధ్య వేల కిలోమీటర్ల కంకర రోడ్లున్న కాన్సాస్‌లో 2006లో మొదలైన ఓడుదల పోటీ దీనికి ఊపునిచ్చింది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2022లో ఇటలీలో మొదటి గ్రావెల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ నిర్వహించింది. బ్రిటన్‌కు మాత్రం ఈ అలవాటు కొత్త కాదు. రోడ్డు వదిలి గుట్టల్లో సైకిలు తొక్కేవారి కోసం రఫ్ స్టఫ్ ఫెలోషిప్ అనే సంఘం 1955లోనే పుట్టింది. ఇప్పుడు సైక్లింగ్ యూకేగా పిలిచే సంస్థ 1878లో మొదలైనది కూడా యార్క్‌షైర్‌లోని హారోగేట్ పట్టణంలోనే. పేరు, టైరు మారాయి తప్ప కోరిక పాతదే.

కాన్సాస్‌లో కంకర రోడ్లు ప్రజల రోడ్లు. యార్క్‌షైర్‌లో అలా కాదు. ఇక్కడ కంకర ఉన్న ప్రతి దారినీ ఎవరో ఒకరు తమ అవసరం కోసం వేసుకున్నారు. గ్రావెల్ సైకిలిస్టులు ఆ అవసరాలు తీరిపోయాక మిగిలిన దారుల మీద తిరుగుతున్నారు.

ఎవరి దారులివి?

అన్నిటికన్నా పాతవి ట్రాడ్ అనే రాతి పలకల బాటలు. ఒక పలక వెడల్పుతో, వరుసగా పరిచి ఉంటాయి. తీరం నుంచి సరుకులు మోసే గుర్రాలు, మఠాల మధ్య తిరిగే సన్యాసులు వాడిన దారులవి. 1132లో రై నది లోయలో స్థాపించిన రీవో మఠం ఉన్ని వ్యాపారంతో, ఇనుము కరిగించే పనితో సంపన్నమైంది. ఆ సరుకు కదలడానికి బాటలు కావాల్సి వచ్చింది. శతాబ్దాల కాలి రాపిడికి ఆ పలకలు మధ్యలో దోనెల్లా అరిగిపోయాయి.

తర్వాతిది ఇనుప యుగం, అంటే విక్టోరియా కాలపు ఇనుప యుగం. 1850ల్లో రోజ్‌డేల్ లోయలో మేలిరకం ఇనుప ఖనిజం బయటపడింది. 1861లో మూర్ల నెత్తి మీదుగా రైలుమార్గం వేశారు. లోయ అంచు వెంట, సుమారు 400 మీటర్ల ఎత్తులో అది వంపులు తిరుగుతూ పోతుంది. చివర ఇంగిల్‌బీ ఇన్‌క్లైన్ అనే ఏటవాలు ఉంది. ఐదడుగులకు ఒక అడుగు చొప్పున దిగే ఆ వాలు మీద ఇంజన్లు నడవవు. నిండు వ్యాగన్లు దిగుతూ ఉంటే ఆ బరువుకే తాడు రెండో కొసన ఖాళీ వ్యాగన్లు పైకి ఎక్కేవి. రోజ్‌డేల్‌లో ఖనిజాన్ని పెద్ద బట్టీల్లో కాల్చి, తేమ పోగొట్టి, బరువు తగ్గించాకే రైలెక్కించేవారు. ఆ బట్టీల రాతి కమానులు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

ఈ కొండప్రాంతపు గనుల ఇనుము టీస్ నది ఒడ్డునున్న కార్ఖానాల ఆకలి తీర్చింది. 1831లో రెండు వందల జనాభా కూడా లేని మిడిల్స్‌బ్రో పల్లె 1901 నాటికి 90 వేలు దాటిన ఉక్కు నగరమైంది. అక్కడ తయారైన రైలు పట్టాలు భారతదేశానికీ ఓడల్లో వచ్చాయి. 1929లో రోజ్‌డేల్ రైలు ఆగిపోయింది. పట్టాలు తీసేశారు, కట్ట మిగిలింది. ఆవిరి ఇంజను పోయేంత నెమ్మదైన వాలు కాబట్టి ఆ కట్ట ఇప్పుడు సైకిలుకు సరిగ్గా సరిపోయింది. బ్లోవర్త్ క్రాసింగ్ నుంచి బ్లేకీ దాకా ఫార్న్‌డేల్ లోయ తల చుట్టూ తిరిగే భాగంలో ఎక్కుడు దిగుడు దాదాపు తెలియదు. కింద లోయలో పొలాలు, అడవి, పైన హెదర్ మధ్య పోతున్న ఆ దారి గ్రావెల్ సైకిలిస్టులకు ఈ ప్రాంతంలో మొదటి ఆకర్షణ.

తీరం వెంట మరో రైలుమార్గానిదీ ఇదే కథ. 1885లో స్కార్‌బరో, విట్బీ పట్టణాల మధ్య మొదలై 1965లో మూతపడిన ఆ మార్గం పొడవు దాదాపు 35 కిలోమీటర్లు. పట్టాల కింద కంకరకు బదులు బొగ్గు మసి రద్దు పరిచారు కాబట్టి దాన్ని సిండర్ ట్రాక్ అంటారు. విట్బీ దగ్గర ఎస్క్ నది మీద ఎర్ర ఇటుకలతో కట్టిన 13 కమానుల లార్పూల్ వంతెన మీదుగా ఈ దారి సాగుతుంది. ప్రజల సొత్తుగా మారినందున ఇక్కడ సైకిలుకు అడ్డు లేదు.

ఇక అడవి దారులు. మొదటి ప్రపంచ యుద్ధంలో కలప కరువు చూశాక బ్రిటన్ 1919లో అటవీ కమిషన్‌ను ఏర్పాటు చేసింది. 1920ల నుంచి డాల్బీ తదితర లోయల్లో పైన్, స్ప్రూస్ చెట్లు వరసలుగా నాటారు. దుంగలు మోసే లారీల కోసం గట్టి రాతి రోడ్లు వేశారు. ప్రభుత్వ అడవి కావడంతో ఆ రోడ్ల మీద సైకిళ్లను రానిస్తారు.

చివరివి వేట దారులు. మూర్లలో పెద్దభాగం ఎస్టేట్ల యాజమాన్యంలో ఉంది. రెడ్ గ్రౌస్ అనే కోడిజాతి పక్షి వేట వారికి ఆదాయం, హోదా. ఆగస్టు 12న మొదలై డిసెంబరు 10 దాకా సాగే ఆ వేట కోసం మూర్ల నడిబొడ్డుకి కంకర దారులు వేసుకున్నారు. వ్యాసం మొదట్లో చెప్పిన వెడల్పాటి దారి ఇలాంటిదే.

పటంలో రంగులు, చట్టంలో తరగతులు

ఇంగ్లండ్‌లో సొంత భూమిలోంచి పోయే బాట మీద కూడా ప్రజలకు హక్కు ఉండవచ్చు. ఆ హక్కుకు తరగతులున్నాయి. పసుపు బాణం గుర్తు ఉంటే ఫుట్‌పాత్, నడిచేవారికి మాత్రమే. నీలం బాణం ఉంటే బ్రైడిల్‌వే, నడిచేవారికి, గుర్రాలకు, సైకిళ్లకు. బైవేలలో రెండు రకాలు. రెంటిమీదా సైకిలు పోవచ్చు. ఇంగ్లండ్‌లో ఇలాంటి బాటలన్నీ కలిపి సుమారు 1.9 లక్షల కిలోమీటర్లు. అందులో ఐదింట నాలుగు వంతులకు దగ్గరగా ఫుట్‌పాత్‌లే. సైకిలుకు మిగిలింది ఐదో వంతుకు కాస్త ఎక్కువ.

ఆ కాస్తయినా 1968లో దక్కింది. ఆ ఏడాది వచ్చిన గ్రామీణ ప్రాంతాల చట్టం బ్రైడిల్‌వేల మీద సైకిళ్లను అనుమతించింది. నడిచేవారికి, గుర్రపు రౌతులకు దారి వదలాలన్నది షరతు. ఫుట్‌పాత్ మీద సైకిలు తొక్కితే సాధారణంగా నేరం కాదు. భూయజమాని దృష్టిలో అక్రమ ప్రవేశం, అంటే సివిల్ తగాదా. ఫార్న్‌డేల్‌లో ఏప్రిల్‌లో అడవి డాఫోడిల్స్ పూసే వాగు ఒడ్డు బాట ప్రసిద్ధం. అది నడిచేవారిది, చక్రాలది కాదు.

ఒక బాట ఏ తరగతి కిందికి వస్తుందో దేన్నిబట్టి నిర్ణయించారు? దాని వెడల్పునో గట్టితనాన్నో చూసి కాదు. గతంలో దానిమీద ఎవరు పోయారన్న దాన్నిబట్టి. 1932లో కిండర్ స్కౌట్ మూర్ మీదికి వందలాది కార్మికులు మూకుమ్మడిగా చొరబడి నడిచారు. కొందరు జైలుకెళ్లారు. ఆ ఉద్యమ వేడిలోంచి వచ్చిన 1949 చట్టం ప్రజల బాటలన్నిటినీ అధికారిక పటాలకు ఎక్కించమని స్థానిక సంస్థలను ఆదేశించింది. గుర్రం నడిచిందని రుజువున్న చోట బ్రైడిల్‌వే అని, లేనిచోట ఫుట్‌పాత్ అని రాసుకున్నారు. కొన్నిచోట్ల శ్రద్ధగా చేశారు, కొన్నిచోట్ల మొక్కుబడిగా. ఒక పారిష్ సరిహద్దు దాకా బ్రైడిల్‌వేగా వచ్చిన దారి పక్క పారిష్‌లో ఫుట్‌పాత్‌గా మారిపోయే విడ్డూరాలు అలా పుట్టినవే. గుర్రం సరిహద్దు గీత దగ్గర ఆగిపోయి ఉండదు కదా.

2000లో వచ్చిన చట్టం మూర్ల మీద స్వేచ్ఛగా తిరిగే హక్కునిచ్చింది, కానీ కాలినడకన మాత్రమే. పటంలోకి ఎక్కని పాత బాటలు నమోదు చేయించుకోవడానికి 2026 వరకే గడువు పెట్టింది. ఆ గడువు తర్వాత 2031కి జరిగింది. వాలంటీర్లు పాత భూపంపకాల దస్తావేజులు, శిస్తు పటాలు తిరగేసి రుజువులు పోగు చేశారు. చివరకు గడువునే ఎత్తివేస్తామని ప్రభుత్వం 2024 డిసెంబరులో ప్రకటించింది. ఒక బాటకు హక్కు వచ్చిందా లేదా అన్నది నూరేళ్ల కిందటి ఒక గుమాస్తా చేతిరాత మీద ఆధారపడిన సందర్భాలున్నాయి.

సరిహద్దు దాటితే కథ మారుతుంది. స్కాట్లండ్ 2003 చట్టం దాదాపు అన్ని భూముల మీదా, నీళ్ల మీదా బాధ్యతతో తిరిగే హక్కును నడిచేవారితో పాటు సైకిళ్లకూ ఇచ్చింది. ఇళ్ల ఆవరణలు, పంట ఉన్న చేలు మినహాయింపు. అక్కడ ఎస్టేట్ కంకర దారి మీద సైకిలిస్టు ఎవరినీ అడగాల్సిన పని లేదు. ఒకే ద్వీపంలో, ఒకే రకం హెదర్ మధ్య ఇంత తేడా.

రెండో పక్షం మాట

స్కాట్లండ్ పద్ధతిని ఇంగ్లండ్‌కూ తేవాలని సైక్లింగ్ సంఘాలు అడుగుతున్నాయి. అభ్యంతరాలు ఎస్టేట్ల నుంచి మాత్రమే రావడం లేదు. మార్చి నుంచి జులై దాకా కర్ల్యూ, గోల్డెన్ ప్లోవర్, లాప్‌వింగ్ వంటి పక్షులు మూర్ల నేల మీదే గూళ్లు పెడతాయి. దారి తప్పిన చక్రానికి గుడ్లు కనిపించవు. తడి పీట్ మీద టైరు ఒక గాడి చేస్తే, వాన ఆ గాడిని కాలువ చేస్తుంది. ఆ కాలువ వెంట వెయ్యేళ్ల మట్టి కొట్టుకుపోతుంది. గేటు తెరిచి వదిలేస్తే గొర్రెలు చెదిరిపోతాయి. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. చట్టం సైకిలును మెత్తని బ్రైడిల్‌వే మీదికి పంపిస్తోంది, గట్టి కంకర దారి మీద వద్దంటోంది. నేలకు దెబ్బ ఎక్కువ తగిలేది మొదటిదానితోనే. తడి శీతాకాలంలో సైకిళ్లను ఎస్టేట్ దారులకు మళ్లిస్తే పీట్ బతుకుతుంది. యజమాని అనుమతితో సైకిళ్లను రానిచ్చే దారులు కొన్ని ఇప్పటికే ఉన్నాయి. అయితే అనుమతి అంటే ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలిగేది. హక్కు అలాంటిది కాదు.

నిప్పు సంగతి వేరే చెప్పుకోవాలి. గ్రౌస్ పక్షులకు లేత చిగుళ్లు దొరకాలని ఎస్టేట్లు హెదర్‌ను చలికాలంలో పట్టీలుగా కాలుస్తాయి. పీట్ ఎండిపోయి కర్బనం గాల్లో కలుస్తుందన్న ఆందోళనతో లోతైన పీట్ మీద ఈ కాల్పును 2021లో ప్రభుత్వం కట్టడి చేసింది, 2025లో ఇంకా బిగించింది. పొదలు పెరిగిపోతే కార్చిచ్చులు పెద్దవవుతాయని ఎస్టేట్లు వాదిస్తాయి. 2025 ఆగస్టులో లాంగ్‌డేల్ మూర్‌లో రేగిన మంటలు సుమారు 25 చదరపు కిలోమీటర్లను కాల్చేశాయి. పీట్ లోపలే రగులుతూ ఉండటంతో వారాల తరబడి ఆర్పాల్సి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నేలలో మిగిలిపోయిన పేలుడు పదార్థాలు ఆ వేడికి పేలాయి. ఎండాకాలంలో మూర్ మీద టీ కాచుకోవడానికి వెలిగించే చిన్న స్టవ్ ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

వెళ్లేవారు తెలుసుకోవాల్సింది

లీడ్స్, న్యూకాజిల్, మిడిల్స్‌బ్రోలలో చదువులకు, ఉద్యోగాలకు వెళ్లిన తెలుగువారికి ఈ మూర్లు అందుబాటులోనే ఉన్నాయి. మిడిల్స్‌బ్రో నుంచి విట్బీ వెళ్లే ఎస్క్ లోయ రైలు బ్యాటర్స్‌బీ, కాసిల్‌టన్, డాన్బీ వంటి చిన్న స్టేషన్లలో ఆగుతుంది. సైకిళ్లకు చోటు కొద్దిగానే ఉంటుంది. బ్యాటర్స్‌బీలో దిగితే ఇంగిల్‌బీ ఇన్‌క్లైన్ దగ్గరే. ఆ వాలు మీద సైకిలు దిగి తోసుకుంటూ పోవడంలో సిగ్గుపడాల్సింది లేదు, ఇంజన్లే ఎక్కలేదు.

ఫోన్ యాప్ చూపే గీతను నమ్మి బయల్దేరడం తప్పు. ఆ గీత ఎవరో తొక్కారని చెబుతుంది తప్ప, తొక్కే హక్కుందని చెప్పదు. ఆర్డ్నన్స్ సర్వే 1:25,000 పటంలో పొట్టి ఆకుపచ్చ గీతలు ఫుట్‌పాత్, పొడుగు గీతలు బ్రైడిల్‌వే. తెల్లగా గీసిన దారి ఉన్నంత మాత్రాన ప్రజలకు హక్కు ఉన్నట్టు కాదని ఆ పటం మీదే రాసి ఉంటుంది. మే, జూన్‌లలో పొద్దు ఎక్కువ, నేల గట్టి. కాకపోతే పక్షుల గూళ్ల కాలం కాబట్టి దారి దిగకూడదు. నవంబరు తర్వాత పైన బురద, గాలి. అప్పుడు డాల్బీ అడవి రోడ్లు, సిండర్ ట్రాక్ మేలు.

పుంతలు, డొంకలు గుర్తొస్తే

ఈ గొడవ తెలుగు పల్లెలకు పూర్తిగా కొత్తది కాదు. పుంత, డొంక, బండ్లబాట అనే మాటలు మన గ్రామ పటాల్లోనూ ఉన్నాయి. ఊరందరి కాళ్లు, ఎడ్లబళ్లు వేసిన దారులవి. పక్క చేల వాళ్లు ఏటా ఒక చాలు చొప్పున లోపలికి దున్నుకుంటూ పోతే, పటంలో ముప్పై అడుగులున్న డొంక నేల మీద గట్టంత అవుతుంది. బాట ఉందని రుజువు చేయాల్సి వచ్చినప్పుడు సర్వేయరు గొలుసు, పాత పటం తప్ప వేరే సాక్ష్యం ఉండదు. అడవుల విషయంలో మన చట్టం మరో కొసన ఉంది. రిజర్వు అడవిలోకి సాధారణంగా అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. సాధారణ ప్రజలు వినోదం కోసం హక్కుగా తిరగడమన్న ఆలోచన మన చట్టంలోకి రాలేదు.

ఇంగ్లండ్ అనుభవంలో మనకు పనికొచ్చేది ఒకటుంది. అక్కడ గనులు మూతపడి, రైళ్లు ఆగిపోయి, సరుకుల గుర్రాలు మాయమైనా వాటి బాటలు కొన్ని ప్రజలకు మిగిలాయి. ఎవరో పట్టుబట్టి వాటిని పటానికి ఎక్కించారు కాబట్టే మిగిలాయి. ఎక్కించనివి పోయాయి, లేదా యజమాని దయాదాక్షిణ్యాల మీద ఉన్నాయి. బ్లేకీ దగ్గర రైలు కట్ట మీద సైకిలు తొక్కే మనిషికి కనిపించేది హెదర్ పూలే కావచ్చు. ఆ చక్రం కింద ఉన్నది మాత్రం గని కూలీల చెమట, ఎవరో కాపాడిన ఒక గీత.